మర్నాడు ఎట్లుందని అడిగే ఫోన్

కోవిడ్ తగ్గినా నెలల తరబడి ఆయాసం, నీరసం వదలనివాళ్లకు మా నల్లగొండ జిల్లాలో దొరికే సలహాలు దాదాపు మూడే. "పొద్దున్నే లేచి నడువు, అదే పోతది" అనేది ఒకటి. "ప్రాణాయామం చెయ్" అనేది రెండోది. మూడోది ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర గ్లూకోజ్ బాటిల్. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. చెప్పి, వాళ్ల పని మీద వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లు చెప్పినట్టు చేసిన మనిషి రెండు రోజుల తర్వాత ఎలా ఉన్నాడో మళ్లీ అడగరు. లాంగ్ కోవిడ్ అనే ఈ జబ్బులో అసలు సంగతి తెలిసేది ఆ రెండు రోజుల్లోనే.

ఈ జబ్బున్నవాళ్లకు వ్యాయామం, ఊపిరి సాధన ఫోన్‌లో నేర్పడం అనగానే, పెద్దాస్పత్రికి పోలేనివాళ్లకు ఏదో ఒకటి సర్దిచెప్పడం అనుకుంటారు చాలామంది. నాకు అలా అనిపించదు. సరిగ్గా చేస్తే చాలామందికి ఆస్పత్రికి పిలిపించి చేయించేదానికంటే అదే మేలు. అయితే అవతలి వైపు ఒక మనిషి ఉండాలి. వీడియో లింకు వాట్సాప్‌లో పంపించి, డబ్బులు తీసుకుని, దానికి ఆన్‌లైన్ రిహాబ్, అంటే మళ్లీ కోలుకునేలా చేయించే సాధన, అని పేరు పెడితే అది నా లెక్కలోకి రాదు.

నేను సర్కారు బడిలో సోషల్ చెబుతాను. 2021 రెండో వేవ్‌లో కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిలో చేరే అవసరం రాలేదు. జ్వరం సర్వేకు వచ్చిన ఆశా వర్కర్ ఇచ్చిన మందుల కిట్టుతో ఇంట్లోనే గడిచిపోయింది. ఆ సెప్టెంబరులో బడులు తెరిచాక తెలిసింది, గడిచిపోలేదని. రెండు పీరియడ్లు వరుసగా నిలబడి పాఠం చెబితే ఆ రోజుకు బాగానే ఉండేది. మర్నాడో, ఆ పై రోజో ఒళ్లంతా కొట్టేసినట్టయ్యేది. మంచం మీంచి లేచి బాత్రూమ్ దాకా పోతే గుండె దడ. చెప్పబోయే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. స్కాన్‌లో ఊపిరితిత్తులు బాగున్నాయి. ఆక్సీమీటర్ 97 చూపించేది. చూపించిన డాక్టర్లంతా అంతా నార్మల్ అనే చెప్పారు, ఇంటికి పంపారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఈ జబ్బుకు ఒక నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ సోకిన దగ్గర్నుంచి సాధారణంగా మూడు నెలల నాటికి ఉండి, కనీసం రెండు నెలలు సాగి, ఇంకే జబ్బుతోనూ వివరించలేని లక్షణాలైతే లాంగ్ కోవిడ్ అనొచ్చని దాని సారాంశం. ఆ ఒక్క పేరు కింద చాలా రకాల మనుషులున్నారు. ఐసీయూలో ఉండి వచ్చి, ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లున్నారు. నెలల తరబడి మంచంలో ఉండి కండ కరిగిపోయినవాళ్లున్నారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా ఊపిరి తీసే పద్ధతి చెడిపోయి, పొట్ట కదలకుండా పై ఛాతీతో గబగబా పీల్చేవాళ్లున్నారు. పడుకున్నవాళ్లు లేచి నిలబడగానే గుండె వేగం నిమిషానికి ముప్ఫై పైన పెరిగిపోయే రకం ఒకటుంది. శ్రమ చేసిన రోజు కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కూలబడే నాలాంటివాళ్ల రకం ఇంకొకటి. ఇంగ్లిష్‌లో దీన్ని పోస్ట్ ఎక్సర్షనల్ మలేజ్ అంటారు. ఇవి ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండటమూ మామూలే.

వీళ్లందరికీ కలిపి "నడువు" అని చెప్పడంలో ఉన్న ప్రమాదం చివరి రకం దగ్గర బయటపడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఇలాంటి పాతికమంది చేత, ఆరోగ్యంగా ఉన్న 21 మంది చేత సైకిల్ తొక్కించారు. తొక్కక ముందు, తొక్కిన మర్నాడు తొడ కండలోంచి చిన్న ముక్క తీసి చూశారు. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ల కండలో ముందే ఉన్న తేడాలు శ్రమ తర్వాత ఇంకా పెరిగాయి, కండ దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది ఆ పని. బద్ధకమనీ, మనసులో భయమనీ మాట్లాడేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు. వారవారం లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పాత పద్ధతిని, ఇలాగే ఆలస్యంగా కూలబడే లక్షణమున్న పాత జబ్బు ఎంఈ విషయంలో బ్రిటన్‌లో మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2021 అక్టోబరులో వద్దంది.

ఇప్పుడు మన రోడ్ల మీదికి వద్దాం. దేవరకొండ అవతల ఒక తండాలో ఉన్న ఆవిడ హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు పోవాలనుకోండి. తండా నుంచి రోడ్డు దాకా నడక లేదంటే ఆటో. దేవరకొండలో బస్సు కోసం నిలబడటం. అక్కణ్నుంచి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే, మంచిదే, కానీ సీటు దొరుకుతుందన్న హామీ టికెట్‌లో లేదు. సిటీలో దిగి మళ్లీ ఇంకో బస్సు, ఆస్పత్రిలో మెట్లు, ఓపీ చీటీ లైను. అరగంట వ్యాయామం కోసం పొద్దంతా శ్రమ. ఆవిడ ఆస్పత్రికి చేరేసరికే ఆ వారానికి ఒళ్లు ఓర్చుకోగలిగినంతా ఖర్చయిపోయి ఉంటుంది. మహబూబ్‌నగర్ నుంచైనా, అచ్చంపేట నుంచైనా ఇదే కథ. అక్కడ చేయించిన వ్యాయామం ఎంత మంచిదైనా, ప్రయాణాన్ని కూడా డోసులో కలిపి లెక్కపెట్టకపోతే ఆ లెక్క తప్పు. ఇంటి దగ్గరి నుంచే చేయించాలని నేను అనేది అందుకే.

ఇది వట్టి నా ఊహ కాదు. చైనాలో ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయిన 120 మంది మీద ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఆరు వారాల పాటు స్మార్ట్‌ఫోన్ ద్వారా ఇంట్లోనే ఊపిరి సాధన, నడక, కండల వ్యాయామం చేయించారు. మిగతావాళ్లకు కొద్దిపాటి సలహా ఇచ్చి వదిలేశారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరనే పరీక్షలో మొదటి గుంపు సుమారు 65 మీటర్లు ఎక్కువ నడిచింది. ఊపిరితిత్తుల పరీక్షల అంకెల్లో మాత్రం పెద్ద తేడా రాలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 585 మందితో రీగెయిన్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఎనిమిది వారాలు, వారానికోసారి ఆన్‌లైన్‌లో గుంపుగా, శిక్షణ ఇచ్చేవాళ్లు ఎదురుగా చూస్తుండగా వ్యాయామం, దాంతోపాటు మనసుకు ఆసరా ఇచ్చే సెషన్లు. 2024 ఫిబ్రవరిలో బీఎంజే అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. జీవన నాణ్యత మెరుగైంది, ఆ మెరుగు ఏడాదికి కూడా నిలిచింది. కాకపోతే అది చిన్న మెరుగే. పైగా ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లంతా ఆస్పత్రిలో చేరి వచ్చినవాళ్లు, ఇంట్లోనే తగ్గించుకున్న నాలాంటివాళ్లు కారు. ఈ సంగతి దాచి, "ఆన్‌లైన్ వ్యాయామంతో లాంగ్ కోవిడ్ మాయం" అని రాసేవాళ్లను నమ్మకండి.

లండన్‌లో జరిగిన ఇంకో పని నాకు భలే నచ్చింది. ఇంగ్లిష్ నేషనల్ ఆపెరా పాటగాళ్లు, ఇంపీరియల్ కాలేజ్ హెల్త్‌కేర్ ఆస్పత్రుల డాక్టర్లు కలిసి, ఆయాసం వదలనివాళ్లకు ఆరు వారాలు ఆన్‌లైన్‌లో జోలపాటలు పాడించారు. పాట పాడాలంటే ఊపిరి పొట్టలోంచి తీయాలి, మెల్లగా వదలాలి. 150 మందితో చేసిన పరీక్షలో మనసుకు సంబంధించిన కొలతలు మెరుగయ్యాయి, శరీరానికి సంబంధించినవి పెద్దగా కదల్లేదు. అది చదివినప్పుడు మా బతుకమ్మ గుర్తొచ్చింది. ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునేవాళ్లకు ఒక చరణమంత సేపు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. చుట్టూ తిరగడం, వంగి చప్పట్లు కొట్టడం వదిలేసి, కుర్చీలో కూర్చుని పాట మాత్రం అందుకుంటే మంచి సాధనే అవుతుందని నాకు అనిపిస్తుంది. నాకు తెలిసి ఎవరూ పరీక్షించలేదు కాబట్టి దీన్ని వైద్యమని చెప్పను.

నాకు నేర్పింది హైదరాబాద్‌లో ఉండే ఒక ఫిజియోథెరపిస్ట్. వయసులో నా శిష్యురాలంత ఉంటుంది, నేను మేడం అంటాను, తను సార్ అంటుంది. మొదటి వీడియో కాల్‌లో వ్యాయామమే చేయించలేదు. చేతుల్లేని కుర్చీలోంచి నిమిషం పాటు లేచి కూర్చోమంది, అదీ నాకు ఓపిక ఉన్నంత వరకే. ముందూ వెనకా ఆక్సీమీటర్ అంకె, గుండె వేగం చదవమంది. ఆయాసం పదికి ఎన్ని మార్కులని అడిగింది. ఏళ్ల తరబడి పిల్లలకు మార్కులు వేసే నాకు ఆ ప్రశ్న సులువైంది. "సార్, రెండు రోజుల తర్వాత ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఏమీ చెయ్యకండి" అని పెట్టేసింది. ఫోన్ చేసింది కూడా.

మొదటి వారాల్లో నేర్పినవి బయటివాళ్లు చూస్తే నవ్వుతారు. ఆయాసం వచ్చినప్పుడు కుర్చీలో ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీదో బల్ల మీదో ఆనించడం. గోడకు వీపు ఆనించి నిలబడి భుజాలు వదిలేయడం. పక్కకు తిరిగి, తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం. పొట్ట మీద చెయ్యి పెట్టి, ముక్కుతో తీసుకుని, పెదాలు సున్నాలా చుట్టి తీసుకున్నదానికంటే ఎక్కువ సేపు వదలడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి దగ్గరే కోలుకునేవాళ్ల కోసం వేసిన పుస్తకంలోనూ ఆయాసం తగ్గించే ఇలాంటి భంగిమలే ఉన్నాయి. వీటికి జిమ్ అక్కర్లేదు, చాప కూడా అక్కర్లేదు.

ప్రాణాయామం గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా మీద కోపమొస్తుంది. మెల్లగా తీసి మెల్లగా వదిలే ప్రాణాయామానికీ, మేడం చెప్పినదానికీ పెద్ద తేడా లేదు. ఇబ్బందల్లా కపాలభాతి, భస్త్రికలతోనే. ముందే గబగబా పీల్చి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గించుకుని, వేళ్లు తిమ్మిర్లెక్కి, తల తిరుగుతున్న మనిషికి ఇంకా గబగబా పీల్చమని చెబితే ఏమవుతుంది? టీవీలో యోగా చెప్పే గురువుకు ఎదురుగా ఉన్నది ఎవరో కనిపించదు. ఇలాంటిదే ఇంకొకటి, 2021లో ప్రతి మెడికల్ షాపులో అమ్మిన మూడు బంతుల స్పైరోమీటర్. లోపలికి పీల్చితే బంతులు లేవాలి. మా బంధువుల ఇళ్లలో సగం మంది దాన్ని బుడగ ఊదినట్టు ఊదేవాళ్లు. బంతులు కదలకపోతే ఊపిరితిత్తులు చెడిపోయాయని టెన్షన్ పడేవాళ్లు. కొనిపించినవాళ్లు ఒక్కసారి ఎదురుగా చేయించి చూస్తే తీరిపోయేది.

నా కథ అంతటితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. నాకు నెల జీతం వస్తుంది, సెలవులున్నాయి, హెడ్మాస్టరు దయతో కుర్చీలో కూర్చుని పాఠం చెప్పాను. "మీ ఓపికను పొదుపుగా వాడుకోండి, అలసట రాకముందే ఆగండి" అనే సలహా నాలాంటివాళ్ల కోసమే రాసినట్టుంటుంది. మా పెద్దక్కకు కూడా అదే జబ్బు. దేవరకొండ దగ్గర పల్లెలో ఉంటుంది, ఉన్న రెండెకరాలు చాలక కూలికి పోతుంది. మేడం చెప్పినవి నేను అక్కకు చెప్పబోతే, "ఆగుమంటె ఎట్లాగుతర్రా తమ్మీ, ముఠాల పది మంది వంగి నాటేస్తుంటె నేనొక్కదాన్ని గట్టు మీద కూసుంటె ఊకుంటరా?" అంది.

నేను అడిగితే మేడం అక్కతో నేరుగా మాట్లాడతానంది. అక్క దగ్గర ఉన్నది బటన్ల ఫోను. వీడియో లేదు, యాప్ లేదు. మాటే. "అమ్మా, రోజూ ఏమేం పని చేస్తారో మొత్తం చెప్పండి" అని ఆ అమ్మాయి అడిగితే అక్క చాలాసేపు చెప్పింది. అందులోంచి మేడం పట్టుకున్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. నాట్లు గుత్తకు వేస్తారు. ఎకరానికి ఇంతని ముఠా ఒప్పుకుంటుంది, కూలి అందరూ పంచుకుంటారు, అందుకని ఒక్కరు ఆగితే మిగతావాళ్ల మీద పడుతుంది. పత్తి ఏరడం మా దగ్గర ఎక్కువగా కిలో లెక్క. ఎంత ఏరితే అంత. ఆగితే తగ్గేది నీ డబ్బే, ఎవరూ ఏమీ అనరు. "అయితే ఈ ఏడు నాట్లకు పోకుండా పత్తికే పోతే ఎట్లుంటదమ్మా?" అనడిగింది మేడం. అక్కకు డబ్బు తగ్గింది, ఆ మాట దాచను. సాలు చివర గట్టు మీద కూర్చుని ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకోవడం, దమ్ము కుదుటపడ్డాకే లేవడం, సంచీ నిండేదాకా మోయకుండా సగానికే కుప్ప దగ్గర పోసి రావడం, ఇవి నేర్చుకుంది. బిందె చంకనెత్తుకుని రావడం మానేసి చిన్న క్యాన్లు రెండు విడతలుగా తెచ్చుకోవడం కూడా.

ఆ కాల్స్‌లో మేడం అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మొన్న పనికి పోయిన తర్వాత నిన్న ఎట్లుండెనమ్మా?" అక్క జవాబు బాలేకపోతే ఆ వారం తగ్గించేది. బాగుంటే అలాగే ఉంచేది. పెంచడం చాలా అరుదు. ఆస్పత్రి మంచం మీద ఎంత గొప్ప పరికరం తగిలించినా ఆ "నిన్న" దొరకదు, ఎందుకంటే నిన్న ఆవిడ పత్తి చేలో ఉంది.

ఫోన్‌తో ఏమీ తేలదని ఒక డాక్టర్ మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. అతని మాటలో సగం ఒప్పుకుంటాను. ఆయాసమంటే కోవిడే అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మా వైపు రక్తహీనత ఉంది, షుగరు ఉంది, థైరాయిడ్, గుండె జబ్బు ఉన్నాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయాల్సిందే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన పెద్దవాళ్లను కుర్చీలోంచి లేచి కూర్చోమంటే ఆ పరీక్ష వాళ్ల మోకాళ్లనే కొలుస్తుంది, ఊపిరిని కాదు. కాబట్టి మొదటిసారి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఛాతీ విని, రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ చేయాలి. కాస్త దూరం నడిపించి ఆక్సీమీటర్ చూడాలి, మూడు శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే అది ఫోన్‌తో తేలే సంగతి కాదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఒక్క కాలే వాయడం, పెదాలు నీలబడటం ఉంటే వ్యాయామం మాట మరిచిపోయి ఆస్పత్రికి పోవాలి. ఇవన్నీ నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఉన్న సర్కారు మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఒక్క పూటలో అయ్యే పనులు. ఆ ఒక్క పూట ప్రయాణం న్యాయమైనదే. వారం వారం తిప్పడమే అన్యాయం.

యాప్ కంటే కాల్ మేలని అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటుంటే అది కొడుకు జేబులో ఉంటుంది. సర్కారు ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టర్‌తో మాట్లాడొచ్చు, పల్లె దవాఖానలో కూర్చునే మాట్లాడొచ్చు, ఉపయోగమే. కానీ అది చూసి మందు రాసి ముగించే పద్ధతి. ఊపిరి సాధన వారాల తరబడి అదే గొంతు అదే మనిషిని అడగాల్సిన పని. మండలాల్లో భవిత కేంద్రాలకు దివ్యాంగ పిల్లల కోసం ఫిజియోథెరపిస్టులు వస్తున్నారు. వాళ్ల పని వాళ్లకే ఎక్కువ, అది తెలుసు. అయినా జిల్లాకు ఇద్దరు ఫిజియోథెరపిస్టులను ఈ ఫోన్ పనికే పెట్టి, ఆక్సీమీటర్ పట్టుకుని నెలకోసారి ఇంటికి పోయే బాధ్యత ఆశా వర్కర్‌కు అదనపు జీతంతో అప్పగిస్తే ఇది నడుస్తుంది. లాంగ్ కోవిడ్ కోసమే ఇంత ఏర్పాటా అంటారేమో. మిర్యాలగూడ మిల్లుల దుమ్ములో పనిచేసినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు బతుకంతా కూర్చున్న ఆడవాళ్లు, టీబీ తగ్గినా ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు, బీడీ, చుట్ట తాగి సీఓపీడీ అనే వదలని ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ తక్కువేం లేరు. సీఓపీడీకి ఇలాంటి రిహాబ్ పనికొస్తుందని కోవిడ్‌కు చాలా ముందే తేలింది. అది మా జిల్లాల దాకా రాలేదు, అంతే.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఫిజియోథెరపీకి మనం సెషన్ లెక్కన కడతాం. చేయించిన వ్యాయామానికి డబ్బు, మర్నాడు చేసే ఫోన్‌కు ఏమీ లేదు. "ఈ వారం ఏమీ చెయ్యకండి" అని చెప్పినందుకు అసలే లేదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల ప్యాకేజీల పథకం, ఫోన్‌లో పది నిమిషాల మాట అందులో ఎక్కడా ఇమడదు. అందుకే మంచి ఫిజియోథెరపిస్టులు కూడా ఎక్కువ చేయించడం వైపే మొగ్గుతారు, వాళ్లను తప్పుపట్టలేం. నేను మేడంకు నెలకింతని కట్టాను, సెషన్ లెక్క వద్దన్నాను. అక్క కాల్స్‌కు తను డబ్బు తీసుకోలేదు, నేను గట్టిగా అడిగినా. ఒక అమ్మాయి మంచితనం మీద జిల్లాను నడపలేం. రోగికి ఇంతని నెల లెక్కన, ఎదురుగా చేసే మొదటి పరీక్షా, తర్వాతి ఫోన్లూ కలిపి ఒక ధర కట్టాలి. ఆ ధర ఎంతో తేల్చాల్సింది ఆరోగ్య శాఖ. తేల్చేదాకా, ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టేముందు మీరు అడగాల్సింది ఒకటుంది: మర్నాడు నాకు బాలేకపోతే మీరేం మారుస్తారు? జవాబు తడబడితే ఆ డబ్బుతో మంచి ఆక్సీమీటర్ కొనుక్కోండి.